సొంతంగా కంప్యూటర్ అసెంబుల్ చేసుకోవడం: టైం ఎంత, శ్రమ ఎంత? తరచుగా అడిగే ప్రశ్నలు

మొత్తం మీద ఎంత టైం పెట్టుకోవాలి?

మొదటిసారి చేసేవాళ్లకు బిగింపుకే నాలుగైదు గంటలు పడుతుంది. విండోస్, డ్రైవర్లు, అప్‌డేట్లకు ఇంకో రెండు మూడు గంటలు వేసుకోండి. చేయి తిరిగినవాళ్లు బిగింపు పని గంట, గంటన్నరలో ముగిస్తారు. అయితే ఈ లెక్క చూసి ఒక పూట చాలనుకోవద్దు. టైమంతా పోయేది రెండుచోట్ల. ఏ పార్టు కొనాలో తేల్చుకునే దగ్గర వారం, పది రోజుల సాయంత్రాలు గడిచిపోతాయి. మొదటిసారి ఆన్ చేశాక స్క్రీన్ మీద ఏమీ రాకపోతే పది నిమిషాల్లో తేలొచ్చు, రెండు రోజులూ పట్టొచ్చు. ఈ రెండింటితో పోలిస్తే స్క్రూలు బిగించడం చిన్న పని.

మా సలహా: శనివారం పొద్దున్నే మొదలుపెట్టండి. ఏదైనా కేబుల్ తక్కువైనా, ఒక పార్టు పనిచేయకపోయినా అదే రోజు షాపుకి వెళ్లొచ్చు. ఆదివారం చాలా కంప్యూటర్ షాపులు మూసి ఉంటాయి. రాత్రి భోజనం చేసి మొదలుపెట్టడం అస్సలు మంచిది కాదు. ప్రాసెసర్ కూర్చునే సాకెట్‌లో పిన్నులు వంగేది నిద్రమత్తులోనే.

ఇక్కడ ఏ కంప్యూటర్ లెక్కన చెబుతున్నారు?

ఒక మధ్యరకం కాన్ఫిగరేషన్ తీసుకుందాం. రైజెన్ 5 7600 ప్రాసెసర్, బీ650 మైక్రో ఏటీఎక్స్ మదర్‌బోర్డ్, 16 జీబీ డీడీఆర్5 ర్యామ్ స్టిక్కులు రెండు, 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ, ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డ్, 550 వాట్ల ఎస్ఎంపీఎస్ (పార్టులన్నిటికీ కరెంటు ఇచ్చే పవర్ సప్లై), మామూలు గాలి కూలర్. వాటర్ కూలింగ్ పెట్టుకుంటే ఇంకో గంట, బాగా చిన్న క్యాబినెట్ అయితే ఇంకో రెండు గంటలు కలుపుకోండి. చిన్న క్యాబినెట్‌లో చెయ్యి దూరదు, ఒక పార్టు బిగించడానికి ఇంకోటి విప్పాల్సి వస్తుంది. మొదటిసారికి అది వద్దు.

పార్టులు ఎంచుకోవడానికి అన్ని రోజులు ఎందుకు?

ధరలు చూడటానికి కాదు, ఒకదానికొకటి సరిపోతాయో లేదో చూసుకోవడానికి. కొనేముందు ఇవి కాగితం మీద రాసుకుని ఒక్కొక్కటీ సరిచూసుకోండి.

సాకెట్: రైజెన్ 7000, 9000 ప్రాసెసర్లకు ఏఎం5 సాకెట్, దానికి డీడీఆర్5 ర్యామ్ మాత్రమే. పాత ఏఎం4 బోర్డుకి డీడీఆర్4. ఇంటెల్ 12, 13, 14 తరాలకు ఎల్‌జీఏ 1700 సాకెట్. అందులో కొన్ని బోర్డులు డీడీఆర్4, కొన్ని డీడీఆర్5. బోర్డు పేరు చివర చిన్న అక్షరాల్లో ఉంటుంది, అక్కడే పొరబడతారు.

బయాస్ (ఆన్ చేయగానే మొదట నడిచే, బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్): బీ650 బోర్డులు 2022లో వచ్చాయి, రైజెన్ 9000 ప్రాసెసర్లు 2024 ఆగస్టులో వచ్చాయి. షాపులో పాత స్టాకు బోర్డు ఇస్తే కొత్త ప్రాసెసర్‌ని అది గుర్తించదు. బోర్డు వెనక ప్యానెల్ మీద బయాస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటే ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో అప్‌డేట్ చేసుకోవచ్చు. లేకపోతే షాపువాళ్లనే అప్‌డేట్ చేసి ఇమ్మనండి.

కొలతలు: క్యాబినెట్ వివరాల్లో గ్రాఫిక్స్ కార్డ్ పొడవు ఎంతవరకు పడుతుందో, కూలర్ ఎత్తు ఎంతవరకు పడుతుందో మిల్లీమీటర్లలో ఇస్తారు. కూలర్ ఎత్తు 160 ఉండి క్యాబినెట్ పరిమితి 155 అయితే పక్క తలుపు మూసుకోదు. క్యాబినెట్ ముందు వైపు వాటర్ కూలింగ్ రేడియేటర్ పెడితే కార్డ్‌కి మిగిలే చోటు తగ్గుతుందని కూడా గుర్తుంచుకోండి.

డిస్‌ప్లే: ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంటే, లేదా రైజెన్ 5 7500ఎఫ్, రైజెన్ 5 5600 లాంటివైతే లోపల గ్రాఫిక్స్ ఉండవు. విడిగా కార్డ్ లేకుండా స్క్రీన్ రాదు. మొదటిసారి కట్టేవాళ్లు లోపల గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసర్ తీసుకోవడమే మేలని మా అభిప్రాయం. రేపు కార్డ్ చెడిపోయినా కంప్యూటర్ నడుస్తుంది, తప్పు కార్డ్‌దో బోర్డుదో ఐదు నిమిషాల్లో తేలుతుంది.

ర్యామ్: నాలుగు స్టిక్కులు వద్దు, రెండే తీసుకోండి. ఏఎం5లో నాలుగు స్లాట్లూ నింపితే ఏఎండీ అధికారికంగా చెప్పే వేగం డీడీఆర్5-3600కి పడిపోతుంది.

ఎక్కడ కొనాలి? బిల్లులో ఏం చూసుకోవాలి?

హైదరాబాద్ వాళ్లకి సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, చెన్నైలో ఉన్నవాళ్లకి రిచీ స్ట్రీట్, బెంగళూరు వాళ్లకి ఎస్పీ రోడ్. మూడు నాలుగు షాపుల్లో కొటేషన్ రాయించుకుని, ఆన్‌లైన్ ధరలతో పోల్చుకుని కొనండి. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, రోజుల తేడాలోనే మారుతున్నాయి కూడా. కాబట్టి కొటేషన్ ఎన్ని రోజులు చెల్లుతుందో అడగండి.

బిల్లు జీఎస్టీ బిల్లే కావాలి. ప్రతి పార్టు సీరియల్ నంబరు అందులో ఉండాలి. వారంటీకి వెళ్లినప్పుడు సర్వీస్ సెంటర్ వాళ్లు మొదట అడిగేది అదే. ప్రాసెసర్ కంపెనీ డబ్బాలో వచ్చే బాక్స్ పీసా, డబ్బా లేకుండా విడిగా వచ్చే ట్రే పీసా అని తప్పకుండా అడగండి. బాక్స్ ప్రాసెసర్‌కి కంపెనీ నుంచి 3 ఏళ్ల వారంటీ ఉంటుంది. ట్రే పీసుకి షాపువాడి మాటే వారంటీ. డబ్బాలు ఏడాదైనా దాచండి.

పార్టులన్నీ ఒకే వారంలో చేతికి రావడం కూడా ముఖ్యం. ఆఫర్ వచ్చిందని ఎస్ఎస్‌డీ ఒక నెల, బోర్డు ఇంకో నెల కొంటే, అన్నీ కలిపి పరీక్షించే రోజుకి మొదట కొన్నవాటి రీప్లేస్‌మెంట్ గడువు దాటిపోతుంది.

ఏ పనిముట్లు కావాలి?

అయస్కాంతం ఉన్న 2వ నంబరు స్టార్ స్క్రూడ్రైవర్ ఒకటి, ఎస్ఎస్‌డీ స్క్రూకి 1వ నంబరుది ఒకటి. టార్చ్, జిప్ టైలు, స్క్రూలు వేసుకోవడానికి రెండు మూడు చిన్న గిన్నెలు. కూలర్ రెండోసారి బిగించాల్సి వస్తే పాత థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ వేడిని కూలర్‌కి చేరవేసేది) తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, గుడ్డ. 8 జీబీకి తగ్గని పెన్‌డ్రైవ్. విండోస్ ఉన్న ఇంకో కంప్యూటర్ ఒక గంట దొరికేలా ముందే చూసుకోండి, లేకపోతే విండోస్ ఎక్కించే బూట్ పెన్‌డ్రైవ్ తయారు చేసుకోవడానికే పక్కింటికి పరుగెత్తాలి.

ఏ వరుసలో బిగించాలి? ఏ పనికి ఎంతసేపు?

మదర్‌బోర్డ్‌ని ముందే క్యాబినెట్‌లో పెట్టేయకండి. దాని డబ్బా మీదే పరిచి ప్రాసెసర్, ర్యామ్, ఎస్ఎస్‌డీ, కూలర్ బిగించండి.

ప్రాసెసర్, పది నిమిషాలు. ఏఎం5లో పిన్నులు సాకెట్‌లో ఉంటాయి, ప్రాసెసర్‌కి కాదు. మూలన ఉన్న చిన్న త్రికోణం గుర్తును సాకెట్ మీది గుర్తుతో కలిపి, ప్రాసెసర్‌ని అంచులు పట్టుకుని నిలువుగా కిందికి దించండి. జరపకూడదు, నొక్కకూడదు. తర్వాత లివర్ దించేటప్పుడు గట్టిగానే నొక్కాలి, కిర్రుమని చప్పుడు వస్తుంది, భయపడక్కర్లేదు. నల్ల ప్లాస్టిక్ మూత దానంతటదే ఊడి పైకి వస్తుంది. దాన్ని పారేయకండి, బోర్డు వారంటీకి పంపాల్సి వస్తే సాకెట్ మీద ఆ మూత ఉండాలి.

ర్యామ్, ఐదు నిమిషాలు. నాలుగు స్లాట్లున్న బోర్డులో ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి 2, 4 స్లాట్లలో పెట్టండి. బోర్డు మీద ఏ2, బీ2 అని రాసి ఉంటుంది. చాలా బోర్డుల్లో క్లిప్పు ఒక వైపే ఉంటుంది. క్లిప్పు వైపు టక్కుమన్నా రెండో చివర పైకి లేచి ఉండొచ్చు. స్క్రీన్ రాకపోవడానికి అన్నిటికంటే ఎక్కువగా కనబడే కారణం ఇదే. రెండు చివరలూ బొటనవేళ్లతో నొక్కి, టార్చ్ వేసి పక్క నుంచి చూడండి.

ఎస్ఎస్‌డీ, పది నిమిషాలు. ప్రాసెసర్‌కి దగ్గరలో ఉన్న స్లాట్‌లో ఏటవాలుగా దూర్చి, కిందికి వంచి స్క్రూ వేయండి. పైన వచ్చే హీట్ సింక్ పట్టీకి అడుగున పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, అది పీకేయండి.

కూలర్, ఇరవై నిమిషాల నుంచి ముప్పావు గంట. రైజెన్ 5 7600 డబ్బాలో వచ్చే కూలర్‌కి నాలుగు స్ప్రింగ్ స్క్రూలుంటాయి. దాన్ని బిగించాలంటే బోర్డు మీదున్న రెండు ప్లాస్టిక్ బ్రాకెట్లు ముందు విప్పేయాలి. నాలుగు స్క్రూలూ ఎదురెదురు మూలల్లో రెండేసి చుట్లు తిప్పుతూ సమానంగా బిగించండి. ఒక మూల పూర్తిగా బిగించేస్తే కూలర్ ఒరిగి, రెండో వైపు పేస్ట్ అంటదు. డబ్బా కూలర్‌కి పేస్ట్ ముందే పూసి ఉంటుంది. విడిగా కొన్న కూలర్‌కైతే బఠాణీ గింజంత పేస్ట్ మధ్యలో వేస్తే చాలు. అడుగున రక్షణ స్టిక్కర్ ఉంటే తీయడం మరిచిపోకండి. ఫ్యాన్ వైరు సీపీయూ ఫ్యాన్ అని రాసి ఉన్న పిన్నులకే పెట్టాలి, లేకపోతే చాలా బోర్డులు ఫ్యాన్ ఎర్రర్ చూపించి ఆగిపోతాయి.

ఇప్పుడే ఒకసారి పరీక్షించండి. ఎస్ఎంపీఎస్ నుంచి 24 పిన్ను, 8 పిన్ను కేబుళ్లు పెట్టి, మానిటర్‌ని బోర్డుకే కలిపి, బోర్డు మీది పవర్ స్విచ్ పిన్నులు రెండింటినీ స్క్రూడ్రైవర్ కొనతో ఒక్క క్షణం తాకించండి. బయాస్ స్క్రీన్ వస్తే మీ కంప్యూటర్ ముఖ్యభాగం బాగుందన్నమాట. ఈ పావుగంట పని తర్వాత కొన్ని గంటల వెతుకులాట తప్పిస్తుంది. ఇది లోపల గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసర్‌తోనే కుదురుతుంది.

క్యాబినెట్‌లో అమర్చడం, గంట. బోర్డులో ఎన్ని రంధ్రాలున్నాయో సరిగ్గా ఆ చోట్లలోనే ఇత్తడి స్టాండాఫ్‌లు (బోర్డుని ఎత్తి పట్టే చిన్న దిమ్మలు) ఉండాలి. రంధ్రం లేనిచోట ఒక్కటి ఎక్కువున్నా బోర్డు అడుగున తగిలి షార్ట్ అవుతుంది. ఐఓ షీల్డ్ (వెనక పోర్టుల చుట్టూ వచ్చే రేకు) విడిగా వచ్చిందంటే బోర్డు కంటే ముందు దాన్ని పెట్టాలి.

కేబుళ్లు, గంట నుంచి గంటన్నర. సీపీయూ 8 పిన్ను కేబుల్ నాలుగు, నాలుగుగా విడిపోతుంది. గ్రాఫిక్స్ కార్డ్‌ది ఆరు, రెండుగా విడిపోతుంది. రెండూ చూడ్డానికి ఒకటే, కానీ గాడులు వేరు. దూరకపోతే బలవంతం చేయకండి. సీపీయూ కేబుల్‌ని బోర్డు బిగించకముందే పై మూల రంధ్రం గుండా లాగి పెట్టుకోండి, తర్వాత చెయ్యి పట్టదు. ముందు ప్యానెల్ వైర్లలో స్విచ్‌లు ఎటు పెట్టినా పనిచేస్తాయి, ఎల్ఈడీలకు మాత్రం ప్లస్, మైనస్ చూడాలి.

ఒక్క హెచ్చరిక గట్టిగా చెబుతున్నాం. మాడ్యులర్ (కేబుళ్లు ఊడదీయగలిగే) ఎస్ఎంపీఎస్ కేబుళ్లు ఒక కంపెనీవి ఇంకో కంపెనీ ఎస్ఎంపీఎస్‌కి వాడొద్దు. ప్లగ్గు సరిగ్గా పట్టినా లోపలి వైర్ల వరుస వేరుగా ఉంటుంది. 5 వోల్టులు వెళ్లాల్సిన చోటికి 12 వోల్టులు వెళ్తే డ్రైవులు, బోర్డు కాలిపోతాయి.

గ్రాఫిక్స్ కార్డ్, పది నిమిషాలు. పై స్లాట్‌లో చిటుక్కుమనేదాకా నొక్కి, వెనక స్క్రూలు వేసి, పవర్ కేబుల్ పెట్టండి.

ఆన్ చేశాను. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, స్క్రీన్ నల్లగా ఉంది. ఏం చేయాలి?

ముందు ఆగండి. డీడీఆర్5 బోర్డులు మొదటిసారి ఆన్ అయినప్పుడు ర్యామ్‌ని సరిచూసుకుంటాయి, దాన్నే మెమరీ ట్రైనింగ్ అంటారు. కొన్ని నిమిషాల పాటు స్క్రీన్ నల్లగానే ఉంటుంది, మధ్యలో ఒకటి రెండుసార్లు దానంతటదే రీస్టార్ట్ కూడా కావొచ్చు. పది, పదిహేను నిమిషాలు ముట్టుకోకండి. చాలామంది రెండు నిమిషాలకే కంగారుపడి స్విచ్ ఆపేస్తారు, మళ్లీ ఆన్ చేస్తే ట్రైనింగ్ మొదటికొస్తుంది, బోర్డు చెడిపోయిందనుకుని షాపుకి మోసుకెళ్తారు.

అప్పటికీ రాకపోతే ఈ వరుసలో చూడండి. మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డ్‌కి పెట్టారా, బోర్డుకి పెట్టారా? కార్డ్ ఉంటే కార్డ్‌కే పెట్టాలి. సీపీయూ 8 పిన్ను కేబుల్ పెట్టారా? అది లేకపోయినా ఫ్యాన్లు తిరుగుతాయి. తర్వాత బోర్డు మీద సీపీయూ, డీరామ్, వీజీఏ, బూట్ అని నాలుగు చిన్న లైట్లు ఉంటే ఏది వెలిగి ఆగిపోయిందో చూడండి. డీరామ్ దగ్గర ఆగితే ర్యామ్ తీసి మళ్లీ నొక్కండి, ఒక్క స్టిక్కునే ఏ2లో పెట్టి చూడండి. వీజీఏ అయితే కార్డ్, దాని కేబుల్. సీపీయూ లైటు అయితే 8 పిన్ను కేబుల్, లేదా ప్రాసెసర్‌ని గుర్తించని పాత బయాస్. బూట్ దగ్గర ఆగితే సంతోషించండి, విండోస్ ఇంకా లేదు కాబట్టి అది మామూలే.

ఇవేవీ కాకపోతే కరెంటు తీసేసి, బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ ఐదు నిమిషాలు తీసి పెట్టండి. చివరి ప్రయత్నంగా ప్రాసెసర్ పైకి తీసి, సాకెట్ పిన్నుల వరుసల మీద టార్చ్ ఏటవాలుగా వేయండి. అన్ని పిన్నులూ ఒకేలా మెరవాలి. ఒక్కచోట మెరుపు తేడాగా ఉంటే అక్కడ పిన్ను వంగినట్టే. దాన్ని సొంతంగా సరిచేయాలని చూడకండి.

విండోస్ ఇన్‌స్టాలేషన్ మధ్యలో నెట్ లేదంటోంది.

విండోస్ 11 సెటప్ నెట్ అడుగుతుంది, కానీ కొత్త బోర్డుల వైఫై, ల్యాన్ చిప్పులకు డ్రైవర్లు చాలాసార్లు అందులో ఉండవు. ఆండ్రాయిడ్ ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి, నెట్ వచ్చేస్తుంది. డెస్క్‌టాప్‌కి చేరాక బోర్డు కంపెనీ సైట్ నుంచి ల్యాన్, వైఫై, చిప్‌సెట్ డ్రైవర్లు వేసుకోండి. పెన్‌డ్రైవ్ నుంచి విండోస్ ఎక్కడానికి పావుగంట, ఇరవై నిమిషాలే. అప్‌డేట్లకే గంట దాటుతుంది. ఆటలు దించుకునేవాళ్లు ఇంకో లెక్క వేసుకోవాలి. 100 ఎంబీపీఎస్ కనెక్షన్ మీద 100 జీబీ ఆట దిగడానికి దాదాపు రెండుంపావు గంటలు.

విండోస్ 10 వేసుకోవచ్చా అని అడుగుతుంటారు. 2025 అక్టోబరు 14తో దానికి మామూలు సపోర్ట్ ముగిసింది. కొత్త కంప్యూటర్‌కి అది వద్దు.

6000 ర్యామ్ కొన్నాను, 4800 అని చూపిస్తోంది. మోసపోయానా?

లేదు. బయాస్‌లో ఎక్స్‌పో (ర్యామ్‌ని దాని మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేయాలి. ఇంటెల్ బోర్డుల్లో అది ఎక్స్ఎంపీ. చేయకపోతే ర్యామ్ మామూలు వేగంతోనే నడుస్తుంది. ఆన్ చేశాక మళ్లీ ట్రైనింగ్ జరిగి స్క్రీన్ కొంతసేపు నల్లగా ఉంటుంది.

ఎంతసేపు పరీక్షిస్తే నమ్మొచ్చు?

ఒక రాత్రి. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ఉచిత వెర్షన్ నాలుగు విడతలు తిప్పుతుంది, 32 జీబీకి చాలా గంటలు పడుతుంది కాబట్టి పడుకునే ముందు పెట్టండి. ఒక్క ఎర్రర్ వచ్చినా సరిపుచ్చుకోవద్దు. ఎక్స్‌పో ఆపి మళ్లీ నడపండి. అప్పుడూ వస్తే స్టిక్కులు ఒక్కొక్కటిగా పెట్టి చూసి, తప్పున్నది మార్పించుకోండి. మర్నాడు ఒక గంట ఆట ఆడుతూ ప్రాసెసర్, కార్డ్ వేడి చూడండి. మే నెలలో విజయవాడలోనో, రామగుండంలోనో ఏసీ లేని గదిలో వాడేవాళ్లు జనవరిలో చూసిన అంకెకి 15 డిగ్రీలు కలుపుకుని ఆలోచించాలి.

క్యాబినెట్ ముట్టుకుంటే చిమచిమలాడుతోంది.

మీ ఇంట్లో ఆ ప్లగ్గుకి ఎర్తింగ్ లేదు. ఎస్ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ నుంచి చాలా స్వల్పంగా కరెంటు క్యాబినెట్‌కి లీకవుతుంది, అది ఎర్త్ వైరు గుండా పోవాలి. ఎర్త్ లేకపోతే క్యాబినెట్ మీదే నిలుస్తుంది. రెండు పిన్నుల అడాప్టర్ వాడుతున్నా ఇదే కథ. పాత ఇళ్లలో మూడో రంధ్రం ఉంటుంది కానీ వెనక వైరుండదు. ఎలక్ట్రీషియన్‌తో మీటర్ పెట్టించి చూడండి. ఎర్త్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 2, 3 వోల్టులు దాటకూడదు. చెప్పులేసుకుని వాడితే సరిపోతుందిలే అని వదిలేయకండి. ఎస్ఎంపీఎస్ లోపల నిజంగా ఏదైనా షార్ట్ అయినప్పుడు మిమ్మల్ని కాపాడేది ఆ వైరే.

యూపీఎస్ ఎంతది తీసుకోవాలి?

ఈ కాన్ఫిగరేషన్‌కి 1000 వీఏ. మామూలు 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్లే. ఆట ఆడుతుండగా కరెంటు పోతే మానిటర్‌తో కలిపి ఆ భారం మోయలేక అదీ పడిపోవచ్చు. ఫైళ్లు సేవ్ చేసి షట్‌డౌన్ చేసుకోవడానికే యూపీఎస్, పని కొనసాగించడానికి కాదు. బయాస్ అప్‌డేట్ మాత్రం యూపీఎస్ లేకుండా చేయొద్దు.

డబ్బు మిగులుతుందా? షాపులోనే అసెంబుల్ చేయిస్తే పోదా?

బిగింపు ఖర్చు చూసుకుంటే మిగిలేది ఏమీ లేదు. పార్టులన్నీ ఒకేచోట కొంటే చాలా షాపులు ఉచితంగానే బిగించి ఇస్తాయి. రెడీమేడ్ బ్రాండెడ్ డెస్క్‌టాప్‌తో పోలిస్తే తేడా ఉంటుంది. అది కూడా ధరలో కంటే నాణ్యతలో ఎక్కువ. రెడీమేడ్‌లో ఎస్ఎంపీఎస్, మదర్‌బోర్డ్ దగ్గరే ఎక్కువగా కోత పెడతారు. సొంతంగా చేసుకున్నందుకు దక్కేది ఇంకొకటి ఉంది. మూడేళ్ల తర్వాత ఏదో ఒకటి చెడితే ఏ స్క్రూ ఎక్కడుందో మీకే తెలుసు, ఎవరి కోసమూ ఎదురుచూడక్కర్లేదు. టైం లేనివాళ్లు షాపులో చేయించుకోవడంలో తప్పేమీ లేదు. అలాంటప్పుడు పక్కన నిలబడి డబ్బాల సీలు మీ ఎదుటే తీయించండి.

అమెరికాలో ఉన్న బంధువులతో పార్టులు తెప్పించుకోవచ్చా?

పనిచేయడానికి ఇబ్బంది లేదు. ఎస్ఎంపీఎస్ లేబుల్ మీద 100-240 వోల్టులు అని ఉంటే పవర్ కార్డ్ మార్చుకుంటే చాలు. ఇబ్బంది వారంటీతోనే. చాలా కంపెనీలు కొన్న దేశంలోనే వారంటీ ఇస్తాయి. కార్డ్ చెడితే మళ్లీ అక్కడికే పంపాలి. తెప్పించుకోవాల్సి వస్తే చెడే అవకాశం తక్కువున్న ప్రాసెసర్ లాంటివి తెప్పించుకోండి. బరువైనవీ, కరెంటుకి నేరుగా తగిలేవీ ఇక్కడే కొనండి.

తర్వాత నెలనెలా ఏం పని ఉంటుంది?

రెండు మూడు నెలలకోసారి పావుగంట. క్యాబినెట్ ముందు వైపున్న దుమ్ము ఫిల్టర్ తీసి కడిగి, పూర్తిగా ఆరాక పెట్టండి. ఎండాకాలం దుమ్ము ఎక్కువున్నచోట నెలకోసారి చేయాలి. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కల్ని వేలితో పట్టుకోండి, గాలికి విపరీతమైన వేగంతో తిరిగితే బేరింగ్ పాడవుతుంది. పేస్ట్ మూడు నాలుగేళ్లకోసారి మారిస్తే సరిపోతుంది. పాత ఏఎం4 ప్రాసెసర్ అయితే కూలర్ తీసేముందు కంప్యూటర్‌ని పది నిమిషాలు నడిపి, ఆపి, కరెంటు తీసేసి, కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ తీయండి. చల్లగా ఉన్నప్పుడు ఒక్కసారిగా పైకి లాగితే గట్టిపడిన పేస్ట్‌తో పాటు ప్రాసెసర్ కూడా సాకెట్ నుంచి ఊడి వస్తుంది, అడుగున పిన్నులు వంగిపోతాయి.